లాంజ్ సంగతి సరే, బ్యాగు పోతే?

నెక్కొండ నుంచి విమానం ఎక్కాలంటే ముందు రైలెక్కాలి. లేదంటే వరంగల్ దాకా బస్సు, అక్కణ్నుంచి హైదరాబాద్, ఆ పైన ఔటర్ రింగు రోడ్డు మీదుగా శంషాబాద్. ఏ దారిన పోయినా రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. దగ్గర్లో విమానాశ్రయం లేదా అంటే, ఉంది, పేరుకు. మామునూరులో నిజాం కాలంలో, 1930లో కట్టింది. 1981లో అక్కడ విమానాల రాకపోకలు ఆగిపోయాయి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం చాలాకాలం అడ్డుపడింది. శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాక 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది. అక్కడ విమానం దిగేదాకా నెక్కొండ మండలం వాళ్లకు శంషాబాదే దిక్కు.

ప్రీమియం ట్రావెల్ క్రెడిట్ కార్డుల గురించి మాట్లాడబోతూ ఈ దూరం లెక్క ఎందుకంటే, ఆ కార్డుల ప్రకటనలు వేరే మనిషి కోసం రాసినవి. ఆ మనిషి గచ్చిబౌలిలో ఉంటాడు. వారానికోసారి బెంగళూరో ముంబయో పోయివస్తాడు. హోటల్ బిల్లు కంపెనీ కడుతుంది, పాయింట్లు అతని ఖాతాలో పడతాయి. నెక్కొండ ప్రయాణికుడు అట్లా ఉండడు. రెండు మూడేళ్లకోసారి కూతురి పురుడు పోయడానికి అమెరికా వెళ్లే తల్లి ఉంటుంది. ఆగస్టులో ఎమ్మెస్ చదువుకు రెండు పెద్ద సూట్‌కేసులతో బయల్దేరే కుర్రాడు ఉంటాడు. వీళ్ల ప్రయాణాలు తక్కువ, ఒక్కో ప్రయాణం మీద పెట్టే డబ్బు ఎక్కువ. ఏదైనా తేడా వస్తే తట్టుకునే శక్తి ఇంకా తక్కువ. కాబట్టి వీళ్లు కార్డును చూడాల్సిన తీరు కూడా వేరు.

కార్డు ఇచ్చేవాటిని రెండు కుప్పలుగా పోయొచ్చు. మొదటిది సౌకర్యాలు: లాంజ్, పాయింట్లు, హోటల్ సభ్యత్వాలు, సినిమా టికెట్లు. రెండోది రక్షణలు: విమానం రద్దయితే, సామాను రాకపోతే, కొన్న వస్తువు పగిలితే, కార్డు దొంగల పాలైతే, ప్రాణం మీదికి వస్తే దక్కేవి. బ్యాంకు ప్రతినిధి ఫోన్ చేసి చెప్పేదంతా మొదటి కుప్పే. రెండోది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏడాదికి ఒక్కసారి కూడా విమానం ఎక్కనివాళ్లు మొదటి కుప్ప కోసం రుసుము కట్టడం శుద్ధ దండుగ అని మొహమాటం లేకుండా చెప్పాలి.

రుసుములు కూడా మామూలువి కావు. యాక్సిస్ అట్లాస్‌కు ఏడాదికి 5,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 5,900. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియాకు 12,500, పన్నుతో 14,750. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాటినమ్‌కు 66,000, పన్ను కలిస్తే 77,880. అమెరికాలోనూ ఇదే పోకడ. చేజ్ సఫైర్ రిజర్వ్ 2025 జూన్‌లో 550 డాలర్ల నుంచి 795కు ఎగబాకింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెక్స్ ప్లాటినమ్ 695 నుంచి 895కు చేరింది. పెంచిన ప్రతిసారీ దానికి మించిన విలువ ఇస్తున్నామంటూ కూపన్ల దండ ఒకటి మెడలో వేస్తారు. ఆ కూపన్లలో ఇంటివాళ్లు ఎట్లాగూ పెట్టే ఖర్చును తగ్గించేవి ఎన్నో లెక్కేసుకుంటే అసలు విలువ తెలుస్తుంది. కూపన్ ఉంది కదా అని కొత్తగా పెట్టే ఖర్చు ఆదా కిందికి రాదు.

తెలుగువాళ్లకు క్రెడిట్ కార్డు కొత్తేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి, దేశంలో ఆ పని మొదట చేసిన బ్యాంకుల్లో ఒకటైంది. మామునూరు మూతపడింది కూడా ఆ ఏడే. 2020 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డు మాత్రం ఊరూరా చేరి, దేశంలో వాటి సంఖ్య 2024లో 10 కోట్లు దాటింది.

ఇక లాంజ్. దీన్ని తీసిపారేయడానికి లేదు. నిజానికి లాంజ్ అవసరం గచ్చిబౌలి మనిషి కంటే నెక్కొండ మనిషికే ఎక్కువ. అమెరికా, గల్ఫ్ దారిలో పోయే విమానాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాకో తెల్లవారుజామునో బయల్దేరతాయి. రైలు ఆలస్యమవుతుందేమో, ఉప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామేమో అన్న భయంతో దూరం నుంచి వచ్చేవాళ్లు ఐదారు గంటల ముందే చేరుకుంటారు. అరవై దాటిన మనిషికి ఆ వేళప్పుడు ఇంత వేడి అన్నం, నడుం వాల్చేందుకు ఒక సోఫా దొరికితే అది విలాసమనిపించుకోదు.

అయితే రెండు మెలికలున్నాయి. లాంజ్‌లు సాధారణంగా రెండు మూడు గంటలకు మించి ఉండనివ్వవు. అందుకని చెకిన్, ఇమిగ్రేషన్, భద్రతా తనిఖీ అన్నీ అయ్యాకే లోపలికి పోవాలి, ముందే పోయి ఆ గడువును ఖర్చు చేసుకోకూడదు. రెండోది, కార్డు కొడుకు పేరున ఉండి తల్లిదండ్రులు మాత్రమే ప్రయాణిస్తే ఆ కార్డు వాళ్ల చేతిలో ఉన్నా పని చేయదు. కార్డు మీది పేరు, బోర్డింగ్ పాసు మీది పేరు కలవాలి. వాళ్ల పేరుతో యాడ్ ఆన్ కార్డు తీసుకుంటే తప్ప దారి లేదు. యాడ్ ఆన్ కార్డుకు లాంజ్ ఉందా, ఉంటే అసలు కార్డు కోటాలోంచే తీస్తారా, వేరుగా ఇస్తారా అన్నది దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి.

పైగా లాంజ్ వాగ్దానం ఎంత నమ్మదగినదో ఈ మధ్య రెండుసార్లు తేలింది. బ్యాంకులకూ లాంజ్‌లకూ మధ్య నిలబడి ఆ ఏర్పాట్లు చూసిన డ్రీమ్‌ఫోక్స్ అనే కంపెనీ సేవలు 2024 సెప్టెంబర్ 22న దేశంలోని పలు విమానాశ్రయాల్లో ఉన్నపళంగా ఆగిపోయాయి. జనం కార్డులు పట్టుకుని లాంజ్ గుమ్మం దగ్గర నిలబడిపోయారు. ఏడాది తిరక్కముందే, 2025 సెప్టెంబర్ 16న, ఆ కంపెనీ దేశీయ లాంజ్ సేవలనే మానేసింది. బ్యాంకులు కూడా నిబంధనలు బిగిస్తూ పోయాయి. ఐసీఐసీఐ బ్యాంకు చాలా కార్డులకు ముందటి మూడు నెలల్లో 35,000 రూపాయలు వాడితేనే లాంజ్ అని 2024 ఏప్రిల్‌లో షరతు పెట్టింది. నవంబర్‌కల్లా దాన్ని 75,000 చేసింది. ఉచితం అనే మాటకు ముందొక షరతు, వెనకొక షరతు వచ్చి చేరాయి. ప్రయాణం ఏప్రిల్‌లో ఉంటే జనవరి నుంచే కార్డు వాడకం చూసుకోవాలన్న మాట. తీరా శంషాబాద్‌లో లాంజ్ కౌంటర్ ముందు నిలబడ్డాక ఫోన్‌లో నిబంధనలు వెతికితే ప్రయోజనం లేదు.

రక్షణల సంగతికొస్తే, మన దేశపు కార్డుల్లో అన్నిటికంటే పెద్ద అంకె విమాన ప్రమాద బీమాది. కోటి, మూడు కోట్లు అని మెరుస్తూ కనిపిస్తుంది. ఆ అంకె మీద ఆధారపడి ఎవరైనా వేరే బీమా మానేసి ఉంటే 2025 వాళ్లకు గట్టి పాఠమే చెప్పింది. ఎస్‌బీఐ కార్డ్ సంస్థ ఎలీట్, మైల్స్ ఎలీట్, మైల్స్ ప్రైమ్ కార్డులపై ఇస్తున్న కోటి రూపాయల విమాన ప్రమాద బీమాను, ప్రైమ్, పల్స్ కార్డులపై ఇస్తున్న 50 లక్షల బీమాను ఆ ఏడాది జూలై 15 నుంచి ఎత్తేసింది. అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 విమానం కూలి నెల రోజులు దాటిందంతే. రెండిటికీ సంబంధం ఉందని కాదు. కార్డుతో వచ్చే బీమా బ్యాంకు ఇచ్చినన్నాళ్లే ఉంటుంది, కట్టే రుసుము మాత్రం అదే. అమెరికాలో సిటీ బ్యాంకు 2019 సెప్టెంబర్ 22న ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసింది. ప్రయాణ రద్దు, సామాను ఆలస్యం వంటి రక్షణలను చాలా కార్డుల నుంచి ఒకే రోజు తుడిచేసింది.

పోలికకు నెక్కొండ రైల్వే స్టేషన్ దాకా వెళితే చాలు. ఐఆర్‌సీటీసీలో ఈ టికెట్ కొనేటప్పుడు 45 పైసలు కడితే రైలు ప్రమాదంలో మరణానికి గానీ శాశ్వత పూర్తి వైకల్యానికి గానీ 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఆసుపత్రి ఖర్చుకు 2 లక్షలు. టిక్కు పెడతారు, అక్కడితో మర్చిపోతారు. ఆ తర్వాత ఫోన్‌కు వచ్చే లింకు తెరిచి నామినీ పేరు రాయాలని చాలామందికి తెలియదు. వేల రూపాయల రుసుము కట్టి తీసుకున్న కార్డుకూ ఇదే జబ్బు. బీమా ఉంటుంది, నామినీ ఉండడు. కొన్ని కార్డుల్లో ఆ టికెట్‌ను ఆ కార్డుతోనే కొని ఉండాలి. ఇంకొన్నిట్లో గడచిన ఇన్ని రోజుల్లో కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. కార్డు వచ్చిన రోజే బ్యాంకు పంపే ‘అతి ముఖ్యమైన నిబంధనల’ పత్రంలో ఈ రెండు వాక్యాలూ వెతికి గీత గీసి పెట్టుకుంటే పది నిమిషాల పని.

అసలు తకరారంతా టికెట్ ఎవరి కార్డుతో కొన్నారన్న దగ్గర వస్తుంది. నెక్కొండలో రిటైరైన టీచరు దంపతులు డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరుతున్నారనుకుందాం. టికెట్లు కొడుకే కొంటాడు. “బాపూ, ఇన్సూరెన్స్ గిన్సూరెన్స్ ఏం అవసరం లేదు, మంచి కార్డు మీదనే కొన్న, అన్నీ అండ్లనే ఉన్నయ్” అంటాడు ఫోన్‌లో. “నువ్వు చూసినవా కొడుకా?” అని అడిగితే, చూడలేదు. దోస్తు చెప్పాడు.

చూస్తే ఏముంటుంది? చేజ్ సఫైర్ రిజర్వ్ వంటి కార్డులో ప్రయాణం రద్దయినా మధ్యలో ఆగినా మనిషికి 10,000 డాలర్ల దాకా రక్షణ ఉంటుంది. విమానం ఆరు గంటలు దాటి ఆలస్యమైనా, రాత్రి బస చేయాల్సి వచ్చినా టికెట్‌కు 500 డాలర్ల వరకు ఖర్చులు ఇస్తారు. సామాను ఆరు గంటలు దాటి రాకపోతే రోజుకు 100 డాలర్ల చొప్పున ఐదు రోజులు. అమెక్స్ ప్లాటినమ్‌లో కూడా ఆరు గంటల ఆలస్యానికి 500 డాలర్ల రక్షణ ఉంది. అయితే రానూపోనూ టికెట్టు మొత్తం ఆ కార్డుతోనో దాని పాయింట్లతోనో కొని ఉండాలన్నది నిబంధన. పోయే టికెట్ కొడుకు, వచ్చే టికెట్ కూతురు పంచుకుని కొనే ఇళ్లలో ఇక్కడే చిక్కొస్తుంది.

దానికంటే ముఖ్యం ‘కుటుంబం’ అంటే ఎవరన్నది. మన లెక్కలో కుటుంబమంటే అమ్మానాన్నలు, అత్తామామలు, అవసరమైతే మేనమామ కూడా. బీమా పత్రం లెక్క వేరు. ఒకే కార్డులో ఒక రక్షణకు తల్లిదండ్రులు కుటుంబంలోకి రావచ్చు. మరో రక్షణకు భార్య లేదా భర్త, ఆధారపడ్డ పిల్లలతోనే కుటుంబం అయిపోవచ్చు. కార్డు సొంతదారు కూడా ఆ ప్రయాణంలో ఉండాలా, లేకున్నా చెల్లుతుందా అన్నది ఇంకో ప్రశ్న. కొడుకు ఒక్క ఫోన్ చేసి ఈ ప్రశ్నలన్నీ అడిగి, జవాబును ఈమెయిల్లో తెప్పించుకుంటే చాలు. టికెట్ కొనకముందు.

వైద్యం విషయంలో మాత్రం కార్డును నమ్ముకోవడం ప్రమాదం. సఫైర్ రిజర్వ్‌లో అత్యవసర వైద్యానికి ఉన్నది 2,500 డాలర్లు. అమెరికా ఆసుపత్రిలో ఎమర్జెన్సీ గది గడప తొక్కితేనే అది కరిగిపోతుంది. తల్లిదండ్రులకు విజిటర్స్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాల్సిందే. అందులోనూ ఒక్కో జబ్బుకు ఇంత అని గీత గీసే చౌక పాలసీలు కొన్ని, బిల్లులో అధిక భాగం భరించే సమగ్ర పాలసీలు కొన్ని. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే వర్తిస్తుందా అనే మాట కోసం పాలసీలో వెతకాలి. ఈ ఒక్క ఖర్చు దగ్గర పిసినారితనం పనికిరాదు.

బ్యాగు రాకపోతే ఏం చేయాలి? డాలస్‌లో బెల్టు చుట్టూ తిరిగిన జనం పల్చబడతారు. బెల్టు ఆగుతుంది. కారప్పొడి, పచ్చళ్లు, మనవరాలికి కుట్టించిన పట్టులంగా ఉన్న సూట్‌కేసు జాడ లేదు. బయట కొడుకు ఎదురుచూస్తున్నాడని గబగబా గేటు దాటడమే అందరూ చేసే పొరపాటు. బెల్టు దగ్గరే ఎయిర్‌లైన్ సామాను కౌంటర్ ఉంటుంది. అక్కడ ‘ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్’ రాయించాలి, పీఐఆర్ అంటారు. దానికి అక్షరాలూ అంకెలూ కలిపి పది ఉన్న గుర్తు ఇస్తారు: మొదటి మూడు విమానాశ్రయానివి, తర్వాతి రెండు ఎయిర్‌లైన్‌వి, మిగతా ఐదు అంకెలు. ఆ కాగితం లేకపోతే కార్డు బీమా కంపెనీ ఫైలే తెరవదు. దాంతో పాటు బోర్డింగ్ పాసు వెనక అంటించిన బ్యాగు చీటీ, టికెట్ డబ్బు కార్డు మీద పడిన స్టేట్‌మెంటు, కొన్న బట్టల, సబ్బుల రసీదులు కావాలి. రసీదు ఇవ్వని చోట కొన్నది కొననట్టే. బ్యాగు పగిలి వస్తే ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికందిన నాటి నుంచి ఇరవై ఒక్క రోజుల్లో ఎయిర్‌లైన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలన్నది అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందంలోని గడువు. బయల్దేరే ముందు ఇంటి వరండాలోనే సూట్‌కేసు తెరిచి లోపలి సామాను ఒక ఫొటో, మూసి బయటి నుంచి ఒక ఫొటో తీసి పెట్టుకోవడం అన్నిటికంటే చౌకైన బీమా.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కార్డు కంపెనీ అసలే పెట్టదు.

కార్డు కంటే ముందు ఎయిర్‌లైన్ బాధ్యత ఎంతో తెలిసి ఉండటం మేలు. 2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలకొద్దీ రద్దయినప్పుడు శంషాబాద్‌లో జనం నేలమీదే పడుకున్నారు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం విమానం రద్దయితే డబ్బు వాపసు గానీ మరో విమానం గానీ ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలు మించి ఆలస్యమైతే హోటల్ గది కూడా ఇవ్వాలి. కౌంటర్ దగ్గర ఇది నోరు తెరిచి అడగాలి. ఎయిర్‌లైన్ ఇచ్చింది పోను మిగిలిన నష్టానికే సాధారణంగా కార్డు బీమా వస్తుంది.

మరి ఎయిర్‌లైనే మునిగిపోతే? జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపింది. గో ఫస్ట్ 2023 మే నెలలో దివాలా పిటిషన్ వేసి ఎగరడం మానేసింది. 2025 జనవరిలో దాని ఆస్తుల విక్రయానికి కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆదేశించింది. ముందుగా టికెట్ కొన్నవాళ్లు అప్పులవాళ్ల వరుసలో చివరికి పోయారు. ఇటువంటి చోట క్రెడిట్ కార్డుకు ఒక బలముంది, దానికి ప్రీమియం రుసుము కూడా అక్కర్లేదు. డబ్బు కట్టించుకుని సేవ ఇవ్వలేదని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే బ్యాంకు వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల కింద ఆ మొత్తాన్ని అవతలి బ్యాంకు నుంచి వెనక్కి రప్పించవచ్చు. దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. మామూలుగా గడువు 120 రోజులు. ప్రయాణాల విషయంలో అది సేవ అందాల్సిన తేదీ నుంచి లెక్కకు రావచ్చు. ఏజెంటుకు నగదుగా ఇచ్చిన డబ్బుకు ఈ దారి లేదు. బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇంకా గట్టి ఆసరా ఉంది. అక్కడి 1974 వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం 100 పౌండ్ల పైన, 30,000 పౌండ్ల లోపు ధర ఉన్న వస్తువు గానీ సేవ గానీ క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మినవాడితో పాటు కార్డు కంపెనీ కూడా చట్టపరంగా బాధ్యురాలు. మన చార్జ్‌బ్యాక్ బ్యాంకుల మధ్య ఒప్పందమే గానీ చట్టం కాదు. అయినా వాడుకుంటే పనికొచ్చేదే.

కొన్న వస్తువుల రక్షణ విషయంలో మన కార్డులకూ అమెరికా కార్డులకూ హస్తిమశకాంతరం. సఫైర్ రిజర్వ్‌తో కొన్న లాప్‌టాప్ 120 రోజుల్లో పగిలినా దొంగలెత్తుకుపోయినా 10,000 డాలర్ల దాకా అడగొచ్చు. అమెక్స్ ప్లాటినమ్‌లో ఆ గడువు 90 రోజులు. కంపెనీ వారంటీకి మరో ఏడాది అదనంగా కలుస్తుంది. ఆగస్టులో దిగి, మొదటి వారంలోనే లాప్‌టాప్ కొనుక్కునే విద్యార్థికి ఇది నిజంగా విలువైనది. చిక్కేమిటంటే కొత్తగా వచ్చిన విద్యార్థికి క్రెడిట్ చరిత్ర ఉండదు, ఆ కార్డు రాదు. అప్పటికే స్థిరపడిన అక్కో బావో తమ కార్డుతో కొని ఇవ్వడం ఒక దారి. దొంగతనమైతే పోలీసు రిపోర్టు కావాలి. ఎక్కడో పెట్టి మర్చిపోతే అది దొంగతనం కింద రాదు.

ఇక్కడ మన కార్డుల పత్రాల్లో కనిపించే ‘లాస్ట్ కార్డ్ లయబిలిటీ’ని చూసి చాలామంది కొన్న సామానుకు బీమా అనుకుంటారు. కాదు. అది కార్డు పోయాక ఇతరులు వాడిన సొమ్ముకు సంబంధించింది. ఫ్రిజ్జు కాలిపోతే దానికీ దీనికీ సంబంధమే లేదు. అదనపు వారంటీ కావాలంటే దుకాణంలో విడిగా కొనుక్కోవడమే.

విదేశాల్లో కార్డు గీకితే పడే మార్కప్ సంగతి రెండు ముక్కల్లో. మామూలు కార్డులకు 3.5 శాతం, దాని మీద జీఎస్టీ, వెరసి 4.13. లక్ష రూపాయల ఖర్చుకు 4,130 గాలికి. ఇన్ఫీనియాకు 2 శాతం, పన్నుతో లక్షకు 2,360. స్కాపియా వంటి మార్కప్ లేని కార్డుకు సున్నా. అక్కడి యంత్రం రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా అని అడిగితే డాలర్లే నొక్కాలి. రూపాయలంటే ఆ దుకాణం వాడు వేసిన మారకం రేటు తలకెత్తుకున్నట్టే.

ఇంత చెప్పుకున్నాక, నెక్కొండలో ఉంటూ ఈ కార్డును పోషించడం సాధ్యమేనా అన్న ప్రశ్న మిగులుతుంది. రుసుము మాఫీలన్నీ ఖర్చు మీద ఆధారపడినవి. ఇన్ఫీనియాకు ఏడాదిలో 10 లక్షలు వాడితే రుసుము మాఫీ అన్నది చాలాకాలంగా ఉన్న నియమం. పత్తి, మిర్చి పండించే ఇంట్లో ఏడాదికి 10 లక్షలు చేతులు మారడం వింతేమీ కాదు. కానీ ఆ డబ్బు పోయే చోట్లు వేరు: కూలీలు, ట్రాక్టరు కిరాయి, విత్తనాలు, మందులు. వీటిలో కార్డు తీసుకునేవి ఎన్ని? డీజిల్, అద్దె, వాలెట్‌లో వేసే డబ్బు వంటివి చాలా బ్యాంకులు లెక్కలోకే తీసుకోవు. సెంటర్లో చిన్న దుకాణంలో స్వైప్ మిషన్ ఉండదు, క్యూఆర్ కోడ్ ఉంటుంది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకుని ఆ కోడ్ మీద వాడుకోవచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్‌లకు ఆ వీలు లేదు. మెరుపులు ఎక్కువగా ఉన్న కార్డులు చాలావరకు ఆ రెండో జాతివే. కాబట్టి రోజువారీకి ఒక రూపే కార్డు, టికెట్లకూ విదేశీ ఖర్చుకూ మార్కప్ తక్కువ ఉన్న కార్డు ఒకటి. వ్యవసాయ కుటుంబాలకు ఇంతకు మించి అవసరం కనపడదు.

ఆదాయపు పన్ను రిటర్నులు వేయని రైతుకు పెద్ద కార్డులు ఎట్లాగూ ఇవ్వరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు దొరుకుతుంది, దానితో సిబిల్ స్కోరు పెరుగుతుంది. ఎంత మంచి కార్డయినా బిల్లు మొత్తం కట్టకుండా కనీస మొత్తం కట్టి వదిలేస్తే నెలకు 3.75 శాతం వడ్డీ పడొచ్చు. ఏడాదికి 45. ఏ పాయింటూ దాన్ని పూడ్చలేదు. ఈ వడ్డీని 30 శాతానికి కట్టడి చేస్తూ 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి పైకప్పు లేదు.

కార్డు దొంగల పాలైనప్పుడు రక్షణ అన్ని కార్డులకూ ఒకటే, అది రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వుల నుంచి వస్తుంది. వినియోగదారు తప్పు లేకుండా బయటివాళ్ల మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం ఒక్క పైసా కూడా మీద పడదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే, 5 లక్షల లోపు పరిమితి ఉన్న కార్డుకు 10,000, అంతకు మించితే 25,000 దాకా భరించాలి. ఓటీపీ చెప్పేసిన వాళ్లకు మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా సొంత నష్టమే. ముందు బ్యాంకుకు, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు ముప్పై రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, రుసుమేమీ లేదు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

లెక్క గిట్టుబాటు కాదని తేలితే కార్డు వదిలించుకోవడానికీ పద్ధతి ఉంది. రుసుము ఏడాది తిరిగే నెలలో పడుతుంది కనుక దానికి నెల ముందే నిర్ణయించుకోవాలి. మిగిలిన పాయింట్లను ముందు వాడేయాలి, లేదా ఎయిర్‌లైన్ ఖాతాలోకి మార్చేయాలి. మూసేశాక అడిగితే ఇవ్వరు. యాడ్ ఆన్ కార్డులు, కార్డుకు ముడిపెట్టిన ఆటోమేటిక్ చెల్లింపులు తీసేసి, బాకీ సున్నా చేసి, రాతపూర్వకంగా మూసేయమని కోరాలి. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసేయాలని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. ఆ గడువు దాటితే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే వినియోగదారుకు చెల్లించాలి. మూసేయమన్నాక కస్టమర్ కేర్ నుంచి ఫోన్ వచ్చి రుసుము సగానికి తగ్గిస్తామనో మొత్తం తీసేస్తామనో అనడం మామూలే. కార్డు పనికొచ్చేదైతే అప్పుడు ఉంచుకోవచ్చు, మాట ఇచ్చింది ఈమెయిల్లో వచ్చాక.